వెదురు చిత్రము నేర్పు పాఠము

విద్యార్థులారా! వెదురు మన బాన్సువాడవారికి క్రొత్తది కాదు. చేట, గంప, తట్ట, నిచ్చెన మున్నగునవి దానితోనే చేయబడుచున్నవి. నిత్యము కంటబడునది గావున దానిని మనము తేఱిపాఱ చూడము. చీనాదేశస్థులు మాత్ర మనేక శతాబ్దములుగా దానిని చిత్రించుచు, దానియందు సత్పురుషుని గుణములను చూచుచున్నారు.

వెదురు గడ్డిజాతిలోనిది. అయినను చీనావారు ప్లము పూవు, ఆర్కిడు, చేమంతులతో దానిని జేర్చి, యీ నాల్గింటిని నలుగురు సజ్జనులని గౌరవింతురు. ఏలయన, వెదురు పెనుగాలికి వంగును గాని విఱుగదు; ఇది యోర్పు. శీతకాలమునను పచ్చగా నుండును, ఇది స్థైర్యము. దాని లోపల బోలు, ఇది వినయము. వారి భాషలో కణుపునకును, నీతినిష్ఠకును మాట యొక్కటియే.

ఇక చిత్రించు విధమును వినుడు. సిరాకడ్డీని రాతిపై నీటితో నరగదీసి, కుంచెను ముంచి, కాండమును సాధారణముగా క్రిందనుండి పైకి గీయుదురు. కణుపు వచ్చుచోట కుంచె నొకింత నిలిపి యెత్తుదురు. పిమ్మట కొమ్మలు, తుదకు ఆకులు. చిక్కని సిరా దగ్గఱి యాకులను, పలుచనిది దూరపు టాకులను చూపును. కాగితము సిరాను వెంటనే పీల్చుకొనును గావున చెఱిపి దిద్దుటకు వీలులేదు.

మీలో ననేకులు గీత తప్పగానే రబ్బరును వెదకుదురు. ఆ సదుపాయము లేని చిత్రకారు డేమి చేయవలెను? వెన్ తుంగ్ (1018–1079) అను ప్రసిద్ధ చిత్రకారుని పద్ధతిని అతని మిత్రుడైన సూ షీ యను కవి వివరించెను: కుంచె పట్టుటకు ముందే వెదురు సంపూర్ణముగా మనస్సున నిలువవలెను, పిమ్మట చేయి జంకక సాగవలెను. ఈ విద్య పురుషులకు మాత్రమే చెందినది కాదు. గువాన్ దావొషెంగ్ (1262–1319) అను స్త్రీ వెదురు చిత్రములకు మిగుల పేరొందెను.

జెంగ్ షియే (1693–1765) మండలాధికారిగా నుండి, కఱవుకాలమున ప్రభుత్వ ధాన్యమును బీదలకు పంచిపెట్టించెనని ప్రసిద్ధి. తన పై యధికారి కర్పించిన వెదురు చిత్రముపై, ఆకుల సవ్వడియందు బీదల యార్తిని తలపించు పద్యమును వ్రాసెను. పదవిని విడిచిన పిమ్మట చిత్రములమ్మి జీవించెను. అతడు గీసిన వెదురు వంటిదే యతని నడవడి.

ఈ కళాసంబంధము మన దేశమునకును వచ్చినది. 1924లో రవీంద్రనాథ ఠాగూరుగారితో నందలాల్ బోసుగారు చీనాకు వెళ్లి, అచటి చిత్రకళను పరిశీలించి వచ్చిరి. ఓరుగల్లు ప్రాంతపు కొండపల్లి శేషగిరిరావుగారు (1924–2012) శాంతినికేతనమున నందలాల్‌గారి శిష్యులై, పిమ్మట హైదరాబాదునందు చిత్రకళను బోధించిరి.

బాలబాలికలారా! ఈ సెలవులలో నొక వెదురుపొద యెదుట కూర్చుండి, కాగితము ముట్టక చాలసేపు చూడుడు. తరువాత నొకేమాఱు గీయుడు. గీత వంకరయైనను చెఱుపకుడు. మఱియొక కాగితము తీసికొనుడు. గడచిన దినమును గూడ మన మట్లే చెఱుపజాలము గదా! చదువు హెచ్చిన కొలది గర్వము హెచ్చకుండుటకు వెదురు బోలును తలచుకొనుడు. శిష్యుల పాదములు కడిగిన మన ప్రభువు నేర్పిన దీనత్వము నట్టిదే. మఱియు మేదరివాని గుమ్మము ముందుగా పోవునపుడు ఒక్కక్షణము నిలువుడు. మనకంటె వెదురును బాగుగా నెఱిగినవాడు అతడే.