కూతకు ముందే రాయాలి

స్టేషన్ ఘనపూర్‌లో రైలు దిగి ఊళ్లోకి నడిస్తే దారిలో ఒక చాయ్ హోటల్ వస్తుంది. 2014 జులైలో ప్రో కబడ్డీ మొదలైన వారంలోనే ఆ హోటల్ బల్ల మీదికి రెండొందల పేజీల నోటుబుక్కు ఒకటి చేరింది. ఏ ఆటలో ఎవరు గెలుస్తారో ఆటకు ముందే అందులో రాస్తాం. తెలుగు టైటాన్స్ ఆట ఉన్న రోజు దాని గురించి రాస్తాం. లేని రోజుల్లో మండల స్థాయి స్కూలు ఆటలు, దసరాకూ సంక్రాంతికీ చుట్టుపక్కల ఊళ్లవాళ్లు పెట్టుకునే కబడ్డీ పోటీలు ఉండనే ఉంటాయి. ఏడాదికొక పుస్తకం. 2025తో పన్నెండు నిండాయి.

నేను ముప్పై ఒక్కేళ్లు జిల్లా పరిషత్తు బడుల్లో పీఈటీగా పనిచేశాను. ఊరికి ఇప్పటికీ డ్రిల్లు సారునే. పుస్తకం చూసుకునే పని అందుకే నాకు అప్పజెప్పారు. స్కాట్లండ్‌లోని డండీలో ఉద్యోగం చేస్తున్న మా తమ్ముడి కొడుకు ఒకసారి సెలవుకు వచ్చి పుస్తకం తిరగేసి, "పెద్దబాపూ, మా దగ్గర గూడ గిదే పని" అన్నాడు. వాడితో పనిచేసేవాళ్లు శుక్రవారం సాయంత్రం కూర్చుని శనివారపు ఫుట్‌బాల్ ఫలితాలు రాస్తారట. సెల్టిక్, రేంజర్స్ లాంటి పెద్ద జట్లవి కాదు. వాటి కింద పదేసి జట్లతో మూడు డివిజన్లు ఉన్నాయి. ఆర్బ్రోత్, ఫార్ఫర్, మాంట్రోజ్ లాంటి చిన్న ఊళ్ల జట్లు ఆడేది వాటిలో. ఒక్కో జట్టు ఏడాదికి 36 ఆటలు ఆడుతుంది. అప్పటినుంచి వాడు ఫోన్ చేసినప్పుడల్లా మా టైటాన్స్ సంగతి వాడడగడం, వాళ్ల ఊళ్ల సంగతి నేనడగడం అలవాటైంది.

బల్ల దగ్గరికి కొత్తగా వచ్చే పిల్లల కోసం, నాకు తెలిసొచ్చిన సంగతులు రాసిపెడుతున్నాను.

1. కూతకు ముందే రాయాలి. రాసింది కొట్టేయకూడదు.

పుస్తకం పుట్టిందే దీనికోసం. దానికి ముందు ఆట అయిపోగానే బల్ల చుట్టూ ఉన్న అందరూ "నేను ముందే చెప్పిన గద" అనేవాళ్లు. అబద్ధమాడాలని కాదు. ఫలితం తెలిశాక మనసు వెనక్కి పోయి, తను అనుకున్నదాన్ని దిద్దుకుంటుంది. నేనూ అంతే. 2014లో ఒక ఆటలో టైటాన్స్ ఓడుతుందని చెప్పానని నాకు గట్టిగా గుర్తు. పుస్తకం తీస్తే నా చేతిరాతతోనే 'టైటాన్స్, తేడా 7 పైన' అని ఉంది. ఆ రోజునుంచి నా జ్ఞాపకం కన్నా పుస్తకాన్నే నమ్ముతున్నాను.

మా లెక్క ఇది: గెలిచే జట్టును సరిగా రాస్తే 1 మార్కు. తేడా 7 లోపా, పైనా అన్నది కూడా సరిపోతే ఇంకో మార్కు. సమానంగా ముగుస్తుందని రాసి, అది నిజమైతే 3. అప్పట్లో ప్రో కబడ్డీలో 7 లేదా అంతకన్నా తక్కువ తేడాతో ఓడిన జట్టుకు ఒక లీగ్ పాయింటు ఇచ్చేవాళ్లు, దాన్ని పట్టే ఈ పద్ధతి పెట్టుకున్నాం. 2025లో లీగ్‌లో ఆ పద్ధతి మారింది. మా పుస్తకంలో మార్చలేదు. పాత పుస్తకాలతో పోల్చుకోవాలంటే కొలత ఒకటే ఉండాలి.

2. పక్కవాడిది చూసి రాయొద్దు.

మొదటి రెండేళ్లు పుస్తకం చేతులు మారుతూ పోయేది. ముందు రాసినాయన పెద్దమనిషైతే మిగతా వాళ్లంతా ఆయన రాసిందే రాసేవాళ్లు. ఏడుగురం ఉన్నా ఏడు బుర్రలు పనిచేసినట్టు కాదు. తర్వాత చీటీలు పెట్టాం. ఎవరిది వాళ్లు రాసి, మడిచి గ్లాసులో వేస్తారు. అన్నీ పడ్డాక నేను పుస్తకంలోకి ఎక్కిస్తాను.

దసరాకు గొర్రెపోతును కొనేటప్పుడు నలుగురు నిలబడి ఎన్ని కిలోలు పడుతుందో చెప్పడం మనకు తెలిసిందే. 1906లో ఇంగ్లండ్‌లోని ప్లిమత్‌లో ఒక పశువుల ప్రదర్శనలో ఇలాగే ఒక ఎద్దును నిలబెట్టి, కోసి శుభ్రం చేశాక ఎంత తూగుతుందో రాయమన్నారు. ఫ్రాన్సిస్ గాల్టన్ అనే శాస్త్రవేత్త 787 చీటీలు తెప్పించుకుని వరుసలో పేర్చాడు. సరిగ్గా నడుమ వచ్చిన అంకె 1,207 పౌన్లు. ఎద్దు తూగింది 1,198 పౌన్లు. అన్ని వందలమంది ఎవరికి వాళ్లుగా రాశారు కాబట్టే ఒకరి పొరపాటును ఇంకొకరి పొరపాటు సరిచేసింది. చీటీల పద్ధతి వచ్చాక మా పుస్తకంలోనూ ఇదే చూశాను. ఏడాది చివర మార్కులు కూడితే, బల్లలో ఎక్కువమంది మొగ్గిన వైపు రాసుకుంటూ పోయినవాడికి ఎప్పుడూ మొదటి ముగ్గురిలో చోటుంటుంది.

3. పేరును చూసి రాయొద్దు.

2023 వేలంలో పవన్ సెహ్రావత్‌ను టైటాన్స్ 2 కోట్ల 60 లక్షలకు పైగా పెట్టి కొన్నది. అప్పటికి ప్రో కబడ్డీలో అంత ధర ఎవరికీ పలకలేదు. సీజన్ మొదట్లో చీటీలు చాలావరకు టైటాన్స్ వైపే పడ్డాయి. ఆ సీజన్‌లో 22 ఆటలకు టైటాన్స్ గెలిచింది 2.

పవన్‌లో లోపం వెతకాల్సిన పనిలేదు. కబడ్డీ ఏడుగురి ఆట. కూతకు వెళ్లి పట్టుబడ్డవాడు బయట కూర్చోవాలి. మిగతా ఆరుగురిలో ఎవరో ఒకరు అవతలివాణ్ణి ఔట్ చేస్తేనే అతను మళ్లీ బరిలోకి వస్తాడు. వీళ్లకు పట్టు లేకపోతే ఎంత గొప్ప రైడరైనా బెంచీ మీదే ఉండిపోతాడు. అందుకే కొత్తవాళ్లకు చెబుతుంటాను: రాసే ముందు రెండు కార్నర్లలో ఎవరున్నారో చూడండి. చీలమండ పట్టేది వాళ్లే. ఆ ఇద్దరూ ఒకరి కదలికతో ఒకరు కదులుతున్నారా, ఎవరికి వాళ్లు దూకుతున్నారా అన్నది పది నిమిషాలు చూస్తే తెలిసిపోతుంది. స్కూలు జట్లలో అయితే ఈ ఒక్కటి చూసి రాసినా సగానికి పైగా సరిపోతాయి.

4. ఓడే జట్టు గురించి రాయడమే కష్టం.

మూడు సీజన్లు చెబుతాను. 2021 డిసెంబరులో మొదలైనదాంట్లో టైటాన్స్ 22 ఆటల్లో ఒక్కటే గెలిచింది, అదీ జైపూర్ మీద ఒక్క పాయింటు తేడాతో. 2022లో 2. 2023లో 2. మొత్తం 66 ఆటల్లో 5 గెలుపులు. ఆ మూడేళ్లూ కళ్లు మూసుకుని 'ఓటమి' అని రాసినవాడే మా బల్లకు మొదటివాడు.

డండీకి దగ్గర్లోనే ఉన్న బ్రీకిన్ ఊరి జట్టు 2017-18లో మన కన్నా ఘోరంగా ఆడింది. 36 ఆటల్లో ఒక్క గెలుపూ లేదు. నాలుగు సమానం, 32 ఓటములు. అయినా ప్రతి శనివారం దాని ఆట చూడటానికి జనం వెళ్లారని మావాడు చెప్పాడు.

మా బల్ల దగ్గర రైల్వే ట్రాక్ మీద పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన ఉన్నాడు. ఆ 66 ఆటలకూ ఆయన చీటీలో టైటాన్స్ అనే ఉంది. మూడేళ్లూ ఆయనదే ఆఖరి స్థానం. "మామా, గిదేం లెక్క?" అని కుర్రాళ్లు అడిగితే, "నేను రాసేది గెలవాల్నని. గెలుస్తదని గాదు" అనేవాడు. 2024లో టైటాన్స్ 12 ఆటలు గెలిచింది. మొదటి ఆరు జట్లలోకి మాత్రం రాలేకపోయింది. 2025లో ఫైనల్‌కు ఒక్క మెట్టు దగ్గరికి వచ్చింది. ఇప్పుడాయన మార్కులు పెరిగాయి. ఆయన అంచనా ఫలించిందని నేననను. ఆ 61 తప్పులూ పుస్తకంలో తప్పులుగానే ఉన్నాయి, ఉండాలి కూడా. కానీ ఓడిన మూడేళ్లూ ఒక్క ఆట కూడా వదలకుండా చూసినవాడు మా బల్లలో ఆయన ఒక్కడే. 2024లో జట్టు ఎక్కడ మారిందో మాకు విడమరిచి చెప్పిందీ ఆయనే.

5. ఊరి జట్ల సంగతి పొలంలో తెలుస్తుంది.

ప్రో కబడ్డీలో ఎవరికి దెబ్బ తగిలిందో టీవీవాడు చెబుతాడు. లింగాల ఘనపూర్ వైపునో, జఫర్‌గడ్ వైపునో ఒక పల్లె జట్టులో ఎవరు రావడం లేదో ఎవరు చెప్పాలి? పత్తి ఏరే రోజుల్లో ఇంట్లో కూలి దొరక్కపోతే రైడర్ చేనులోనే ఉంటాడు. వరి కోత మిషను ఆ పూటే వాళ్ల మడికి వస్తే కెప్టెన్ రాడు. మంచి ముహూర్తాలున్న వారంలో సగం జట్టు పెళ్లి పందిట్లో ఉంటుంది. మేడారం జాతర వచ్చే ఏడు మాఘమాసంలో అసలు పోటీలే పెట్టుకోరు. పరీక్షల ముందు ఇంటర్ పిల్లలను తల్లులు పంపరు.

ఇవన్నీ అడిగి తెలుసుకోవాలి. నేను ఎరువుల దుకాణం దగ్గర అరగంట నిలబడతాను. ఎవరి చేను ఏ దశలో ఉందో తెలిస్తే ఎవరు ఆటకు వస్తారో తెలుస్తుంది. ఆర్బ్రోత్ జట్టువాళ్లు కూడా పగలు వేరే పనులు చేసుకుని సాయంత్రం ప్రాక్టీసుకు వచ్చేవాళ్లేనట. 2021-22లో అదే జట్టు పైనుంచి రెండో డివిజన్‌లో రెండో స్థానంలో నిలిచి, పూర్తికాలం ఆడే జట్లను వెనక్కి నెట్టింది. వాళ్ల గురించి సరిగా రాయాలన్నా ఎవరికి ఏ షిఫ్టు పడిందో తెలిసుండాలి.

6. బరిని చూసి రాయాలి.

మట్టి బరి వేరు, మ్యాట్ వేరు. మట్టి మీద ఎదిగిన పిల్లవాడు మ్యాట్ మీద మొదటిసారి బూట్లు వేసుకుని దిగితే అడుగు తడబడుతుంది. హనుమకొండ స్టేడియానికి తీసుకెళ్లిన మా బడి పిల్లలు ఇలాగే మొదటి సగంలో వెనకబడి, రెండో సగంలో తేరుకునేవాళ్లు. ఆర్బ్రోత్ మైదానం సముద్రాన్ని ఆనుకుని ఉంటుంది, గాలి ఎటు వీస్తే బంతి అటు పోతుందట.

7. సొంత ఊరిని లెక్కలోంచి తీసేయండి.

కాకి పిల్ల కాకికి ముద్దు. మా ఊరి జట్టు గురించి మేం రాసినవాటిలో తప్పులే ఎక్కువ. నాలుగో పుస్తకం నుంచి వాటికి మార్కులు ఇవ్వడం మానేశాం. విడిగా ఒక పేజీలో ఎవరికి తోచింది వాళ్లు రాసుకుంటారు.

8. రాసింది పిల్లల చెవిన పడకూడదు.

ఇది నా తప్పు. ఇప్పటికీ బాధపెడుతుంది. సొంత ఊరి ఆటలకు మార్కులు మానేయకముందు, ఒక ఏడు మండల స్థాయి ఆటలకు నా దగ్గర ఆడిన పిల్లల జట్టే ఫైనల్‌కు వచ్చింది. అవతలి జట్టు కార్నర్లు గట్టివి. ఏడు చీటీల్లో ఆరు మావాళ్లు ఓడతారనే పడ్డాయి, అందులో నాదీ ఒకటి. హోటల్లో చాయ్ తేవడానికి వచ్చిన కుర్రవాడు బల్ల మీద తెరిచి ఉన్న పుస్తకం చదివాడు. ఆ జట్టులో లెఫ్ట్ కవర్ వాడే. ఆట రోజు పొద్దున నా దగ్గరికి వచ్చి, "సారూ, మేం ఓడిపోతమా?" అన్నాడు. ఏం చెప్పినా అబద్ధమే అయ్యేట్టుంది. వాళ్లు 9 పాయింట్ల తేడాతో ఓడారు. నా అంచనా నిజమైంది. రెండు మార్కులూ పడ్డాయి. ఆ మార్కులు కొట్టేసుకుందామనిపించింది. మొదటి నియమం నాదే కాబట్టి కొట్టేయలేదు.

అప్పటినుంచి పుస్తకానికి అట్ట వేసి, ఆట అయ్యేదాకా హోటల్ గల్లాపెట్టెలో పెట్టిస్తున్నాను. ఆడే పిల్లలు ఎవరైనా అడిగితే చెప్పే మాట ఒకటే: నీ పట్టు సరిచూసుకో.

9. రూపాయి పెట్టొద్దు.

చాయ్ పందెం కూడా వద్దన్నాను మొదట్లోనే. కొందరికి చప్పగా అనిపించి వెళ్లిపోయారు. అలా వెళ్లినవాళ్లలో ఒక యువకుడు ఫోన్లో పందేలు కాయడం మొదలుపెట్టాడు. వాడికి కబడ్డీ మా అందరికన్నా బాగా తెలుసు, చీటీల్లో రెండేళ్లు వాడే మొదటివాడు. ఆ తెలివే వాణ్ణి నమ్మించింది. సరిగా చెప్పిన పది ఆటల్లో వచ్చింది తప్పిన రెండు ఆటల్లో పోయేది, ఎందుకంటే తప్పినచోట రెట్టింపు పెట్టేవాడు. వాళ్ల నాయన ఎకరం భూమి అమ్మి అప్పు తీర్చాడు. వాడిప్పుడు ఊళ్లో లేడు. బల్ల దగ్గర వాడు కూర్చునే మూలను నేను చూడలేను.

డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను తెలంగాణ ప్రభుత్వం 2017లోనే చట్టం చేసి నిషేధించింది. 2025లో పార్లమెంటు దేశమంతటికీ చట్టం చేసింది. చట్టాలున్నా ఫోన్లకు ఏవో లింకులు వస్తూనే ఉన్నాయి. మీ ఇంట్లో కుర్రవాడు ఆట అయిపోయాక ఎవరు బాగా ఆడారో చెప్పకుండా స్కోరు మాత్రమే చెబుతున్నాడంటే, ఒకసారి పక్కన కూర్చోబెట్టుకుని మాట్లాడండి.

10. ఎవరూ అంచనా వేయని ఆట ఫలితం కూడా రాయండి.

టైటాన్స్ ఆడిన ప్రతి ఆట స్కోరూ ఎక్కడో ఒకచోట దొరుకుతుంది. 1885 సెప్టెంబరు 12న ఆర్బ్రోత్ జట్టు 36-0తో గెలిచిన ఆట సంగతి నూట నలభై ఏళ్ల తర్వాత ఘనపూర్‌లో నేను చెప్పగలుగుతున్నానంటే ఆనాడు ఎవరో రాసిపెట్టబట్టే. మన పల్లెల్లో సంక్రాంతికి ఆడిన ఫైనల్ స్కోరు ఉగాదికి ఎవరికీ గుర్తుండదు. కప్పు గెలిచిన ఊరికి ఆ కప్పు మిగులుతుంది, ఓడిన ఊరు ఎంత దాకా తెచ్చిందో చెప్పే కాగితం ఉండదు.

ఒకసారి చిల్పూర్ వైపు నుంచి ఒకాయన మనవణ్ణి వెంటబెట్టుకుని హోటల్‌కు వచ్చాడు. తను చివరిసారి ఆడిన పోటీ 2016 సంక్రాంతిదని, అందులో తమ జట్టు ఎంతతో ఓడిందో పిల్లవాడికి చూపించాలని అడిగాడు. మూడో పుస్తకం తీశాను. 31-29 అని ఉంది. ఆ పేజీని పిల్లవాడు ఫోన్‌తో ఫొటో తీసుకున్నాడు.

పన్నెండు పుస్తకాలూ ఇప్పుడు మా ఇంట్లో ఇనుప బీరువాలో ఉన్నాయి. మీ ఊరి ఆట స్కోరు మీ దగ్గర ఉంటే, ఓడిన ఆటైనా సరే, తేదీతో సహా తెచ్చివ్వండి. పదమూడో పుస్తకంలో చివరి నలభై పేజీలు దానికోసమే ఖాళీగా ఉంచాను.