సింగపూరు దీవి – నీటి చింత

చిన్నలారా! మంజీరానదిపై నిజాంసాగరము 1931లో పూర్తియైనది; దాని కాలువనీరే మన బోధను చెఱకునకు ప్రాణమై యుండెను. మలయా దక్షిణాగ్రమున నున్న సింగపూరు దీవికి అట్టి నది లేదు.

1819లో రాఫిల్సు అచట ఆంగ్లేయుల వర్తకస్థానమును నెలకొల్పెను. జనము పెరుగగా నీరు చాలదయ్యెను. 1927లో జొహోరు సుల్తానుతో నొడంబడిక చేసికొని, సముద్రపు పాయ కావలినుండి గొట్టములలో నీరు దెచ్చుకొనిరి. జపానుసేన నాపుటకై 1942 జనవరి 31న ఆంగ్లేయులే పాయమీది కట్టను బ్రద్దలు చేయగా, ఆ గొట్టమును దెగెను. రక్షణకై చేసిన పనియే గొంతెండుటకు దారితీసెను! తుదకు దీవిలోని జలాశయములును శత్రువశమయ్యెను. ఫిబ్రవరి 15న లొంగిపోవుటకు నీటికొఱతయు నొక ప్రధానకారణము.

1965 ఆగస్టు 9న మలేషియానుండి విడివడి స్వతంత్రమైన నాడును ఈ చింత వీడలేదు. అందుచే నచటివారు వాననీటిని నిలుపుచున్నారు. వాడిన నీటిని శుద్ధిచేసి మరల వాడుచున్నారు. సముద్రజలమునుండి ఉప్పును దీయుచున్నారు. అయినను జొహోరు నీరు కొనుచునే యున్నారు. 1962 నాటి యొడంబడిక 2061 వఱకు నిలుచును.