చెరకు కణం వెలుపలి ఎంజైములు: కోత అనంతర చక్కెర నష్టం

నిజామాబాద్ జిల్లా బోధన్ ప్రాంతంలో చెరకు సాగు నిజాంసాగర్ కాలువల నీటితో విస్తరించింది. మంజీరా నదిపై ఈ ప్రాజెక్టు 1931లో పూర్తికాగా, 1937లో బోధన్ శక్కర్‌నగర్‌లో నిజాం చక్కెర కర్మాగారం స్థాపితమైంది. 2015 డిసెంబరులో అది మూతపడిన తరువాత ఆ పరిసరాల చెరకు దూరపు కర్మాగారాలకు తరలవలసి వచ్చింది. నరికిన గడ గానుగకు చేరే వ్యవధి పెరిగేకొద్దీ అందులోని సుక్రోజు తగ్గుతుంది. ఈ నష్టంలో కణం వెలుపల పనిచేసే ఎంజైముల పాత్రను విద్యార్థులు, విస్తరణ శాస్త్రవేత్తలు గ్రహించవలసి ఉన్నది.

కణం అంచున శక్తి వినియోగం

ఆకులో తయారైన సుక్రోజు పోషక కణజాలం ద్వారా కాండానికి చేరుతుంది. అక్కడ కణకవచానికి అంటిపెట్టుకొని ఉన్న ఇన్వర్టేజ్ అనే ఎంజైము, సుక్రోజును గ్లూకోజు, ఫ్రక్టోజులుగా విడగొడుతుంది. దీనికి ఆమ్ల వాతావరణం అనుకూలం. కణత్వచంలోని ప్రోటాన్ పంపు ఒక్కొక్క ఏటీపీ అణువును వెచ్చించి ఒక్కొక్క ప్రోటానును వెలుపలికి నెట్టడం వలన ఆ ఆమ్లత్వం ఏర్పడుతుంది. వెలుపల చేరిన ప్రోటాన్లు తిరిగి లోనికి వచ్చేటప్పుడు చక్కెర అణువులను వెంట తీసుకొని వస్తాయి.

ఇన్వర్టేజ్ స్వయంగా ఏటీపీని తయారు చేయదు. సుక్రోజు బంధంలోని శక్తి, మోలుకు సుమారు 29 కిలోజౌళ్లు, ఈ చర్యలో వేడిగా పోతుంది. విడివడిన చక్కెరలు కణంలోనికి ప్రవేశించి శ్వాసక్రియలో దహనమైనప్పుడే ఏటీపీ లభిస్తుంది. పెరుగుతున్న లేత కణుపులకు ఈ శక్తి అవసరం కనుక వాటిలో ఆమ్ల ఇన్వర్టేజ్ చురుకుగా ఉంటుంది. గడ పక్వమయ్యేకొద్దీ ఇది తగ్గి, సుక్రోజు నిల్వ పెరుగుతుంది.

నరికిన తరువాత

గడను నరికినా కణాలు వెంటనే మరణించవు. శ్వాసక్రియ కొనసాగుతుంది, వేళ్ల నుండి నీరు అందదు, ఇన్వర్టేజ్ చర్య మళ్లీ పెరుగుతుంది. కణకవచంలోని ఇన్వర్టేజ్‌తోపాటు రిక్తికలోని ఆమ్ల ఇన్వర్టేజ్ కూడా ఈ నష్టానికి కారణం. ఎండలు ముదిరే ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఇది వేగవంతమవుతుంది.

కోత ముఖం నుండి, గాయాల నుండి ల్యూకోనోస్టాక్ మెసెంటరాయిడిస్ అనే బాక్టీరియా ప్రవేశిస్తుంది. ఇది తన కణం వెలుపలికి డెక్స్‌ట్రాన్‌సుక్రేజ్ అనే ఎంజైమును విడుదల చేస్తుంది. ఈ ఎంజైముకు ఏటీపీ అక్కరలేదు. ఇన్వర్టేజ్ వృథా చేసిన బంధశక్తినే ఇది వాడుకొని, గ్లూకోజు అణువులను గొలుసుగా పేర్చి డెక్స్‌ట్రాన్ అనే జిగురు పదార్థాన్ని తయారు చేస్తుంది, ఫ్రక్టోజు విడిగా మిగులుతుంది. డెక్స్‌ట్రాన్ చేరిన రసం చిక్కబడి, వడపోత మందగించి, స్ఫటికాలు సాగిన ఆకారం పొందుతాయి.

కొలతలలో జాగ్రత్త

నిల్వ ఉన్న గడలో నీరు ఆవిరైనందున బ్రిక్స్ పెరిగినట్లు కనిపించవచ్చు. దానిని నాణ్యతగా భావించరాదు. ఉదాహరణకు బ్రిక్స్ 20, పోల్ 18 ఉన్న రసం శుద్ధత 90 శాతం. పోల్ మారకుండా బ్రిక్స్ 21కి చేరితే శుద్ధత 85.7 శాతానికి పడిపోతుంది. డెక్స్‌ట్రాన్ కాంతిని కుడివైపుకు బలంగా తిప్పుతుంది కనుక, అది ఉన్న రసంలో పోల్ కూడా వాస్తవం కంటే ఎక్కువగా నమోదవుతుంది. అందుచేత పోల్‌తోపాటు క్షయకరణ చక్కెరలను కూడా కొలవడం అవసరం.

చెరకు కనీస ధర కర్మాగారం రికవరీతో ముడిపడి ఉన్నది. రికవరీ 0.1 పాయింటు తగ్గితే 100 టన్నుల చెరకుపై 100 కిలోల చక్కెర తగ్గుతుంది. ఒకరి పాత చెరకు వలన కలిగే తగ్గుదల అందరి ధరపైనా ప్రభావం చూపుతుంది. నిల్వతో ఎండిన గడ బరువు తగ్గి, రైతు ఆ నష్టాన్ని విడిగా కూడా భరిస్తాడు. బెల్లం వండే రైతుకు విలోమ చక్కెర పెరిగితే దిమ్మ గట్టిపడదు.

విస్తరణకు సూచనలు

1. రవాణా అనుమతి, వాహనం ఖాయమైన తరువాతనే నరకాలి. 24 గంటలలోపు గానుగ ఆడించడం మేలు.
2. భూమట్టానికి నరికి, లేత కొసను, ఎండుటాకులను, మట్టిని తొలగించాలి.
3. ఆలస్యం అనివార్యమైతే నీడలో కుప్పవేసి, చెరకు చెత్త కప్పి, నీరు చల్లాలి.
4. తోటను తగులబెట్టి నరకరాదు. కాలిన గడ మరింత త్వరగా చెడుతుంది.
5. ముందుగా పక్వమయ్యే రకాలను ముందు నరికేలా గ్రామస్థాయి కోత పట్టిక రూపొందించాలి.

ఒకే మడి నుండి నరికిన గడలను కుప్పగా ఉంచి, 0, 1, 2, 3 రోజులలో బరువు, బ్రిక్స్, పోల్, శుద్ధతలను రైతుల ఎదుటనే కొలిచి చూపడం ఈ అంశంపై సులువైన ప్రదర్శన. బ్రిక్స్ పెరుగుతూ ఉండగా శుద్ధత పడిపోవడాన్ని చూసినప్పుడు, నరికిన గడ కూడా జీవించే ఉన్నదనీ, తనలోని చక్కెరను తానే ఖర్చు చేసుకొంటున్నదనీ రైతుకు బోధపడుతుంది.