చరిత్రకారుల సభలో ఎవరి కుర్చీ లేదు?



1939లో జాన్ హోప్ ఫ్రాంక్లిన్ అనే నల్లజాతి యువకుడు అమెరికా దక్షిణాదిన నార్త్ కరోలినా రాష్ట్ర రాజధాని రాలీ నగరానికి వెళ్ళారు. ఆయన హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో చరిత్ర పరిశోధకులు. అక్కడి ప్రభుత్వ ఆర్కైవ్స్‌లో పాత రికార్డులు చదువుకోవాలని ఆయన కోరిక. అధికారికి పెద్ద చిక్కు వచ్చిపడింది. ఒక నల్లవాడు చరిత్ర చదవడానికి వస్తాడని ఆ భవనం కట్టినవారు ఊహించనే లేదు! కొన్ని రోజులు ఆగమని చెప్పి, ఆయనకోసం వేరే గది సిద్ధం చేశారు. తెల్లజాతి సిబ్బంది నల్లవానికి కాగితాలు అందించడం ఆనాటి ఆచారానికి విరుద్ధం. అందుచేత రికార్డుల గది తాళంచెవినే ఆయన చేతికిచ్చారు. కొద్ది రోజులకు తెల్ల పరిశోధకులు తమకు లేని సౌకర్యం ఆయనకెందుకని ఫిర్యాదు చేశారు. తాళంచెవి వెనక్కి తీసుకున్నారు.

వింటే నవ్వు వస్తుంది. కాని ఇందులో గంభీరమైన ప్రశ్న ఉంది. చరిత్ర చదివే గదిలో కూర్చోనివ్వని ప్రజల చరిత్రను ఎవరు రాస్తారు? ఎలా రాస్తారు?

యుద్ధంలో ఓడి, పుస్తకాల్లో గెలిచి

అమెరికా అంతర్యుద్ధం 1861 నుండి 1865 వరకు జరిగింది. ఆరు లక్షలకు పైగా సైనికులు మరణించారు. దాదాపు నలభై లక్షల మంది బానిసలు విముక్తులయ్యారు. సుమారు 1,80,000 మంది నల్లజాతివారు ఉత్తరాది సైన్యంలో చేరి పోరాడారు. తరువాత రాజ్యాంగానికి మూడు సవరణలు వచ్చాయి: 1865లో బానిసత్వ నిషేధం, 1868లో పౌరసత్వం, 1870లో నల్లజాతి పురుషులకు ఓటు హక్కు.

సాధారణంగా గెలిచినవారే చరిత్ర రాస్తారంటారు. ఇక్కడ మాత్రం ఓడినవారి కథే చాలాకాలం పాఠ్యపుస్తకాల్లో నిలిచింది. యుద్ధం బానిసత్వం కోసం కాదనీ, రాష్ట్రాల హక్కుల కోసమనీ ఆ కథ చెప్పింది. యూనియన్‌నుండి విడిపోతూ 1861లో మిస్సిసిపీ రాష్ట్రం చేసిన ప్రకటనే తమ ఉద్దేశం బానిసత్వ వ్యవస్థతో పెనవేసుకొని ఉందని చెప్పినా, ఆ సంగతి మరుగున పడింది. ఓటు చేతికి వస్తే నల్లవారు పాలనను పాడుచేశారని కూడా రాశారు. డబ్ల్యు.ఇ.బి. డుబోయిస్ అనే నల్లజాతి పండితుడు 1935లో పెద్ద గ్రంథం రాసి ఈ వాదాన్ని ఖండించారు. విన్నవారు తక్కువ.

ఇది పండితుల తగాదా మాత్రమేనా? కాదు. 1890 మొదలుకొని దక్షిణాది రాష్ట్రాలు ఒకదాని వెంట ఒకటి నల్లవారి ఓటును ఊడబెరికాయి. ఆ అన్యాయానికి ఈ తప్పుడు చరిత్రే సమర్థన అయింది. ఉన్నదానికీ మనం తలచేదానికీ పొందిక కుదరడమే సత్యమని తత్త్వశాస్త్రంలో మొదట నేర్పుతారు. ఆ పొందిక చెడినచోట నష్టపోయేది పుస్తకం కాదు, మనిషి.

భోజనం దగ్గర వచ్చిన చిక్కు

దక్షిణాది చరిత్రకారులు 1934లో 'సదరన్ హిస్టారికల్ అసోసియేషన్' అనే సంఘం స్థాపించుకొని ఏటా సమావేశమవుతూ వచ్చారు. అయితే ఆ నగరాల్లోని పెద్ద హోటళ్ళు నల్లవారికి గది ఇవ్వవు, భోజనం పెట్టవు. 1949లో విలియమ్స్‌బర్గ్‌లో జరిగిన సమావేశపు కార్యక్రమాన్ని సి. వాన్ వుడ్‌వర్డ్ అనే తెల్లజాతి చరిత్రకారులు రూపొందించారు. ఆయన ఫ్రాంక్లిన్ గారిని ప్రసంగానికి పిలిచారు. ఆ సంఘం వేదికపై పరిశోధనా పత్రం చదివిన తొలి నల్లజాతి చరిత్రకారుడు ఆయనే. పత్రంలో ఏముందన్నదానికంటే, ఆయన ఎక్కడ బస చేస్తారు, ఎక్కడ తింటారు అన్నదే పెద్ద చర్చ అయింది!

1955 నవంబరు 10న మెంఫిస్ నగరంలోని పీబాడీ హోటల్లో ఆ సంఘం మరో అడుగు వేసింది. నల్లపిల్లలకు వేరు బడులు చెల్లవని సుప్రీంకోర్టు తీర్పు చెప్పి అప్పటికి ఏడాదిన్నర. ఎమ్మెట్ టిల్ అనే పద్నాలుగేళ్ళ నల్లజాతి బాలుణ్ణి మిస్సిసిపీలో చంపి మూడు నెలలు నిండలేదు. నిందితులను జ్యూరీ విడిచిపెట్టింది. ఆ వేడిలో నల్లవారు, తెల్లవారు కలిసి కూర్చున్న సభలో ముగ్గురు ఆ తీర్పుపై మాట్లాడారు. ఒకరు నోబెల్ బహుమతి పొందిన మిస్సిసిపీ రచయిత విలియం ఫాక్‌నర్. రెండవవారు నాష్‌విల్ న్యాయవాది సెసిల్ సిమ్స్. మూడవవారు మోర్‌హౌస్ కళాశాల అధ్యక్షులు, బానిసలుగా పుట్టిన తల్లిదండ్రుల కుమారుడు బెంజమిన్ మేస్. బలవంతుడు బలహీనుణ్ణి వేరుగా కూర్చోబెట్టడం తక్కువవాడన్న ముద్ర వేయడమేనని, ఇది నైతిక సమస్య అని మేస్ గారు వాదించారు. సరిగ్గా మూడు వారాల తరువాత మాంట్‌గోమరీలో రోసా పార్క్స్ బస్సులో తన సీటు వదలనన్నారు.

కుర్చీ మారితే కథ మారుతుంది

దారి సాఫీగా సాగలేదు. అంతర్యుద్ధ శతవార్షికోత్సవ సమావేశం 1961 ఏప్రిల్‌లో చార్లెస్టన్‌లో తలపెట్టినప్పుడు, న్యూజెర్సీ ప్రతినిధిగా రావలసిన నల్లజాతి మహిళకు హోటలు గది నిరాకరించింది. అధ్యక్షుడు కెన్నెడీ కల్పించుకోగా సమావేశం నౌకాదళ స్థావరానికి మారింది. బానిసత్వాన్ని అంతమొందించిన యుద్ధాన్ని స్మరించే సభలో కూడా ఆమెకు చోటు కరువైంది!

అయినా పని ఆగలేదు. బడుల కేసులో న్యాయవాదులకు చరిత్ర ఆధారాలు వెదికిపెట్టినవారిలో ఫ్రాంక్లిన్, వుడ్‌వర్డ్ ఇద్దరూ ఉన్నారు. 1965 మార్చిలో ఓటు హక్కు కోసం మాంట్‌గోమరీలో జరిగిన పాదయాత్రలోనూ ఇద్దరూ నడిచారు. ఆ ఏడాదే ఓటు హక్కుల చట్టం వచ్చింది. 1971లో ఫ్రాంక్లిన్ గారు అదే దక్షిణాది సంఘానికి అధ్యక్షులుగా ప్రసంగించారు. ఒకప్పుడు ఎక్కడ తింటాడని చర్చించిన మనిషి సభాధ్యక్షుడయ్యాడు. అంతర్యుద్ధానికి మూలకారణం బానిసత్వమేనని నేడు చరిత్రకారులు దాదాపు ఏకాభిప్రాయంతో చెబుతున్నారు.

మైసూరులో ఒక పరిచయం

ఈ కథకు మన దేశంతో సంబంధం ఉంది. 1936 చివర మేస్ గారు మైసూరులో వై.ఎం.సి.ఎ. ప్రపంచ మహాసభకు వచ్చారు. గాంధీజీని కలిసి అహింస గురించి, అంటరానితనం గురించి మాట్లాడారు. మైసూరులో అంటరానివారి పిల్లలు చదివే బడికి వెళితే, అక్కడి ప్రధానోపాధ్యాయులు ఆయనను అమెరికా అంటరానివాడిగా, అయినా పైకి వచ్చినవాడిగా పరిచయం చేశారు. మేస్ గారు మొదట నొచ్చుకున్నారు. ఆలోచించగా, తన దేశంలో తన స్థితికి ఆ మాట సరిగ్గా సరిపోతుందని గ్రహించారు. పిల్లల ముందు ఆ గురువు అన్న ఒక్క మాట, రెండు దేశాల గాయాన్ని ఒకటిగా చూపింది.

కనుక దూరదేశపు కథ అని దీన్ని పక్కన పెట్టలేము. నిజమైన చరిత్రకు పాత కాగితాలు కావాలి. వాటిని చదివే గదిలో అందరికీ కుర్చీ ఉండాలి. పక్కపక్కన కూర్చుని తినలేనివారు ఒకరి గతాన్ని ఒకరు న్యాయంగా రాయలేరు.

ఇంట్లో అందరూ కలిసి ఆలోచించండి

1. మన ఊరి కథ, మన విచారణ కథ పిల్లలకు చెప్పేటప్పుడు ఎవరి పేర్లు వస్తాయి? గుడి కట్టడానికి రాళ్ళు మోసినవారి పేర్లు ఎవరికైనా గుర్తున్నాయా?

2. మన ఇంటి విందులో ఎవరు ఏ వరుసలో కూర్చుంటారు? ఎవరు నిలబడి ఉంటారు?

3. ఇంట్లో అమ్మమ్మ, తాతయ్య ఉంటే, వారు ఏ గుమ్మం బయట నిలబడవలసి వచ్చిందో అడిగి, ఒక నోటుపుస్తకంలో రాసి పెట్టండి. ఆలస్యం చేయకండి. ఆ సాక్షులు ఎల్లకాలం మనతో ఉండరు.