పాత పెట్రోలు జీపుకు కంప్యూటరు ఇంధన పద్ధతి — డిస్ట్రిబ్యూటరులో చేయవలసిన మార్పులు

హరికేన్ ఇంజను గల పాత పెట్రోలు జీపులను నేటికిని పదిలముగా నడుపుకొను రైతులు అక్కడక్కడ ఉన్నారు. అట్టివారిలో కొందరు కార్బురేటరును తీసివేసి, దాని స్థానమున కంప్యూటరు ఆధీనమున పెట్రోలును చిమ్ము పరికరమును బిగించుకొనుచున్నారు. పంపు, గొట్టములు, ఇంజెక్టర్లు జాగ్రత్తగానే అమర్చెదరు గాని డిస్ట్రిబ్యూటరును మాత్రము ఉన్నది ఉన్నట్లే వదలివేయుదురు. తరువాత ఇంజను పేలినట్లు శబ్దము చేసినను, బరువు లాగలేకపోయినను కంప్యూటరును నిందింతురు. తప్పు చాలవరకు డిస్ట్రిబ్యూటరుదే. (డీజిలు ట్రాక్టర్లకు డిస్ట్రిబ్యూటరే లేదు గనుక ఈ విషయముతో వాటికి పనిలేదు.)

డిస్ట్రిబ్యూటరు చేయు పనులు రెండు. నిప్పురవ్వ ఏ క్షణమున పుట్టవలెనో నిర్ణయించుట ఒకటి. పుట్టిన రవ్వను 1-3-4-2 వరుసలో ఆయా సిలిండర్లకు పంచిపెట్టుట రెండవది. ఇంజను వేగము హెచ్చినకొలది రవ్వ ముందుగా పడవలెను. ఇందుకై లోపల స్ప్రింగులతో కూడిన రెండు బరువులు ఉండును. కొన్నిటికి వాక్యూం పెట్టె కూడ ఉండును.

మొదట తేల్చుకొనవలసినది ఒకటి గలదు. మీరు కొన్న పరికరము పెట్రోలును మాత్రమే చూచుకొనునా, లేక రవ్వను కూడ నడుపునా? పెట్రోలును మాత్రమే చూచునదైనచో బరువులను ముట్టరాదు. దానికి కాయిలు నుండి వేగము తెలుపు తీగ ఒకటి చాలును. అట్లుగాక బరువులను బిగించివేసి, రవ్వను 30 డిగ్రీలు ముందుకు పెట్టినచో, స్టార్టు చేయునప్పుడు ఇంజను వెనుకకు తన్నును. సెల్ఫు మోటారు పళ్లు విరుగును; హాండిలు తిప్పువాని మణికట్టు కూడ విరుగవచ్చును.

కంప్యూటరే రవ్వను నడుపునదైనచో మొదటి పనిని డిస్ట్రిబ్యూటరు నుండి పూర్తిగా తప్పింపవలెను. బరువులు కదలకుండ వెల్డింగు చేతగాని బోల్టు చేతగాని బిగించవలెను. వాక్యూం పెట్టె ఉన్నచో దాని పలకను కదలకుండ చేసి, గొట్టపు రంధ్రమును మూయవలెను. మూయనిచో అందుండి గాలి లోనికి దూరును. అంతకు ముందే షాఫ్టును పట్టి అటునిటు ఊపి చూడవలెను. బుష్ అరిగి ఆడుచున్నచో ఇక ఏ సర్దుబాటు నిలువదు. పాయింట్లను తీసి, అయస్కాంతముతో పనిచేయు సెన్సరును పెట్టుట మేలు. పాయింట్లు ఎగిరిపడి తప్పుడు సంకేతము నిచ్చును.

ఇక ఎక్కువమంది పొరబడు చోటు రోటరు. క్రాంకు రెండు చుట్లు తిరుగునప్పటికి డిస్ట్రిబ్యూటరు ఒక చుట్టు మాత్రమే తిరుగును. అనగా క్రాంకు 2 డిగ్రీలు రోటరుకు 1 డిగ్రీ. కంప్యూటరు లెక్క వేసుకొనుటకు సంకేతము ముందుగా అందవలెను. పిస్టను పైకొనకు చేరుటకు 60 డిగ్రీల ముందు సంకేతము కోరు పెట్టెను ఉదాహరణగా తీసుకొందము. పాత అమరికలో పాయింట్లు తెరచుకొనునది 5 డిగ్రీల ముందే. అందుచేత మెకానిక్కు డిస్ట్రిబ్యూటరునంతను తిప్పి సంకేతమును 60కి తెచ్చును. దానితోపాటు మూతయు తిరుగును గదా! రవ్వ 20 డిగ్రీల వద్ద పడుననుకొనుడు. సంకేతమునకు, రవ్వకు నడుమ క్రాంకు 40 డిగ్రీలు తిరుగును. రోటరు 20 డిగ్రీలు జరిగి, మూతలోని గుబ్బను దాటిపోవును. రవ్వ అంత దూరము దూకలేక మూతను కాల్చును, లేదా పక్క సిలిండరుకు పోవును. పేలుడు శబ్దమునకు మూలమిదే.

కనుక సంకేతమును, రోటరును విడివిడిగా సరిచేయవలెను. రవ్వ 5 మొదలు 35 డిగ్రీల వరకు మారునదైనచో నడిమి స్థానము 20. పుల్లీని 1వ సిలిండరు కుదింపు దెబ్బలో 20 డిగ్రీల ముందు నిలిపి, రోటరు కొన సరిగా 1వ గుబ్బ మధ్యకు వచ్చునట్లు డిస్ట్రిబ్యూటరును బిగించవలెను. అప్పుడు రోటరు ఇటు ఏడున్నర, అటు ఏడున్నర డిగ్రీలకు మించి తప్పదు. పిమ్మట లోపలి సెన్సరు పలకను మాత్రము రోటరు తిరుగు దిశకు ఎదురుగా జరిపి సంకేతమును 60కి తేవలెను. పలకను జరుపుటకు వీలులేనిచో సర్దుబాటు గల రోటరును వాడవలెను.

సరిచూచుటకు ఖర్చులేని ఉపాయము ఒకటి గలదు. పాత మూత నొకదానిని తీసుకొని 1వ గుబ్బ పక్కన రంధ్రము చేసి, ఇంజను నడుచుచుండగా టైమింగు లైటుతో అందులోనికి చూచినచో రోటరు ఎచ్చట నున్నదో కనబడును. ఆ తరువాత కంప్యూటరులో రవ్వను 15 డిగ్రీలకు కట్టివేసి పుల్లీ గుర్తును చూడవలెను. వేగము హెచ్చించినను గుర్తు 15 వద్దనే నిలువవలెను. గుర్తు ముందుకు జరిగినచో బరువులు సరిగా బిగియలేదు. వెనుకకు జారినచో సెన్సరు తీగలు తారుమారైనవేమో చూడవలెను.

ఇది కొత్త వింత కాదు. 1967లో ఫోక్స్‌వాగన్ 1600 కారుకు బాష్ కంపెనీ ఎలక్ట్రానిక్ ఇంజెక్షను నమర్చినప్పుడు, ఇంజెక్టర్లకు వేళ తెలుపుటకు డిస్ట్రిబ్యూటరులోనే మరి రెండు కాంటాక్టులను పెట్టిరి.

కంప్యూటరుకు కరెంటు నేరుగా బ్యాటరీ నుండి పోవలెను; 6 వోల్టుల జీపును ముందు 12కు మార్చవలెను. లోపల రాగి తీగ గల ప్లగ్గు వైర్లు వాడరాదు. వాటి చప్పుడు సెన్సరు తీగకు తగిలి కంప్యూటరు లెక్క తప్పును. కార్బను వైర్లే వాడి, సెన్సరు తీగను వాటికి దూరముగా, బానెట్టుకు రెండవ ప్రక్కనుండి తీసికొని పోవలెను.