టార్క్ కన్వర్టరు దోషపరీక్ష

గేరు మార్చు పనిని తానే చూచుకొను కార్లు నేడు రాయచూరు, దేవదుర్గముల నుండి మన అరకేర వరకు వచ్చుచున్నవి. అట్టి బండి కదలుటకు మొరాయించినను, నడుమ వణకినను, “టార్క్ కన్వర్టరు పోయినది” అను మాట వెంటనే పుట్టును. ఈ భాగము అంచులు అతికి మూసిన ఉక్కు డొల్ల. లోపల చూడ వీలులేదు. మార్చవలెనన్న గేరుబాక్సును దింపవలెను. అంత ఖర్చునకు ముందు పరీక్ష అవసరమని మేము చెప్పుచున్నాము.

అసలు బండిలో ఈ భాగమున్నదా? 2014లో వచ్చిన మారుతి సెలెరియో మొదలు మన దేశమున ప్రబలిన ఏ.ఎం.టి. బండ్లలో ఇది లేదు. లేని అవయవమునకు రోగము కట్టరాదు కదా!

జర్మను ఇంజనీరు హెర్మన్ ఫోటింగరు 1905లో ఓడల కొరకు ఇట్టి సాధనమునకు పేటెంటు పొందెను. నేటి కార్లలో ఇంజనుతో తిరుగు ఇంపెల్లరు నూనెను విసరగా, ఆ తాకిడికి ఎదుటి టర్బైను తిరిగి గేరుబాక్సును నడుపును. నడుమనున్న స్టేటరు మరలివచ్చు నూనెను దారి మళ్ళించి, బయలుదేరునప్పుడు బలమును పెంచును. వేగము కుదిరిన పిమ్మట లాకప్ క్లచ్చి రెండింటిని ఒకటిగా బిగించును.

ముందుగా నూనె మట్టమును, రంగును చూడవలెను. మాడు వాసన వేడికి గుర్తు. కాని గేరుబాక్సు క్లచ్చిలు అరిగినను నూనె మాడును. ఇదొక్కటే సాక్ష్యము చాలదు.

సమవేగమున వణకు పుట్టినచో, ఖాళీ రోడ్డుమీద యాక్సిలరేటరు వదలక బ్రేకును కొంచెము తాకవలెను. లాకప్ విడిపోవును. వణకు అంతటితో ఆగినచో అనుమానము లాకప్ మీదికి పోవును. ఆగకున్న ఇంజనును, టైర్లను చూడవలెను. లాకప్ వణకు కొన్నిమార్లు సరియైన క్రొత్త నూనెతోనే పోవును.

స్టాల్ పరీక్ష మెకానిక్కు పని. తయారీదారు అనుమతించినప్పుడే చేయవలెను. చక్రములకు అడ్డు పెట్టి, ముందువెనుకల ఎవరును లేకుండ చూచి, బ్రేకులు గట్టిగా పట్టి, ‘డి’లో పూర్తి యాక్సిలరేటరు నొక్కవలెను, 5 సెకనులకు మించరాదు. ఇంజను చుట్లు నిర్ణీతసంఖ్య కంటె హెచ్చైన గేరుబాక్సు క్లచ్చిలు జారుచున్నవనియో, నూనె తక్కువనియో ఊహింపవచ్చును. తగ్గినచో ముందు ఇంజను బలమును పరీక్షింపవలెను. అది బాగున్నచో స్టేటరు పట్టు వదలినదని తెలియును.

ఈ పరీక్షకు దొరకని దోషమొకటి కలదు. స్టేటరు బిగుసుకొనిపోయినచో చుట్లు సరిగానే యుండును, బండి చక్కగా కదలును. పెద్దవేగమున మాత్రము ముందుకు సాగక నూనె కాగిపోవును.

కన్వర్టరు మార్చక తప్పనప్పుడు నూనె చల్లార్చు కూలరును, గొట్టములను కడిగించుడు. లేనిచో పాత లోహపు పొడి క్రొత్తదానిలో చేరును.