ధవళేశ్వరం మట్టం, మన ఆఫీసు ఎక్సెల్ షీటు

జూలై, ఆగస్టు నెలల్లో కోనసీమ లంకల్లో ఎవరినైనా వరద ఎంతుందని అడగండి. క్యూసెక్కుల లెక్క చెప్పరు. "మొదటి హెచ్చరిక పడిందండి" అంటారు. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. ఇంచుమించు 10, 13, 17 లక్షల క్యూసెక్కులు కిందికి వదులుతున్నారని అర్థం. ఈ మూడు అంకెలకూ చెయ్యాల్సిన పనులు ముందే ముడిపెట్టి ఉంటాయి. మొదటిది పడితే ఏ కాజ్‌వే మీద నీళ్లెక్కుతాయో, పశువుల్ని ఎప్పుడు ఏటిగట్టు మీదికి తోలుకెళ్లాలో లంకవాళ్లకు తెలుసు. పంటు ఎప్పుడు ఆపాలో రేవులో వాళ్లకు తెలుసు. పడవలు ఎక్కడ సిద్ధంగా ఉంచాలో రెవెన్యూ వాళ్లకు తెలుసు. అంకె వచ్చాక కూర్చుని మీటింగు పెట్టుకునే అవసరం పెద్దగా ఉండదు.

పైగా ధవళేశ్వరం అంకె కన్నా ముందు భద్రాచలం అంకె వస్తుంది. అక్కడ హెచ్చరికలు 43, 48, 53 అడుగుల దగ్గర. అక్కడి నీరు ఇక్కడికి దిగడానికి సుమారు ఒక రోజు పడుతుంది. ఆ రోజు చేతిలో ఉండటమే ఈ ఏర్పాటంతటికీ ప్రాణం. 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటింది, ధవళేశ్వరం నుంచి 25 లక్షల క్యూసెక్కులకు పైగా వదిలారు. పెద్ద వరదంటే ఆగస్టేనని మనవాళ్ల నమ్మకం, 1986 వరద ఆగస్టులో వచ్చింది కాబట్టి. క్యాలెండరు నమ్ముకున్నవాళ్లు 2022లో తడిశారు. భద్రాచలం మట్టం చూసుకున్నవాళ్లకు సామాన్లు సర్దుకునే టైము దొరికింది.

ఇదంతా ఉద్యోగ సలహాలో ఎందుకంటారా? అమలాపురంలోనో, రాజోలులోనో, కొత్తపేటలోనో రైసుమిల్లులో అకౌంట్లు రాసేవాళ్లు, రొయ్యల కంపెనీలో ఎంఐఎస్ చూసేవాళ్లు, సహకార సంఘంలో కంప్యూటర్ ముందు కూర్చునేవాళ్లు తరచూ ఒకే మాట అంటుంటారు: "మాది డేటా ఎంట్రీయేనండీ, నిర్ణయాలు పైవాళ్లవి." ఈ మాట నేను ఒప్పుకోను. ఏ అంకె ముందు కనపడాలో, ఏది పదో కాలమ్‌లో దాక్కోవాలో, అది ఎన్ని గంటలకు యజమాని ఫోన్‌లో పడాలో తేల్చేది మీరే. అక్కడికే నిర్ణయంలో సగం అయిపోయింది.

అందుకని మొదట చెయ్యాల్సిన పని ఒకటే. మీరు పంపే రిపోర్టు చూసి అవతలివాళ్లు ఏం చేస్తున్నారో నేరుగా అడగండి. మన దగ్గర యజమానిని ఇలా అడగడానికి కొంచెం మొహమాటం ఉంటుంది, నిజమే. మర్యాదగానే అడగొచ్చు, రొయ్యల చెరువు యజమానినైతే ఇలా:

"రాజుగారూ, రోజూ ఈ షీటు పంపుతున్నాను కదండీ, ఇందులో తమరు ఏది చూసుకుని మేత తగ్గిస్తారండీ?"

"చెక్ ట్రేలో మిగిలిన మేత చూస్తానోయ్. తెల్లారుజామున ఆక్సిజన్ ఎంతుందో చూస్తాను. తక్కినవన్నీ నువ్వెందుకు పంపుతున్నావో నాకూ తెలీదు."

ఇలాంటి జవాబు వచ్చిందంటే మీ పని సగానికి తగ్గి, విలువ రెట్టింపైనట్టే. రొయ్యల చెరువులో ఆక్సిజన్ బాగా పడిపోయేది తెల్లవారే ముందు. లీటరుకు 4 మిల్లీగ్రాములకన్నా తగ్గిందంటే ఏరేటర్లు ఆడాల్సిందే. ఆ అంకెను మీరు మిగతా పద్నాలుగు కాలమ్‌లతో కలిపి, రంగులు వేసి, పదకొండింటికి మెయిల్‌ చేస్తే ఎవరికీ ఉపయోగం లేదు. చెరువు గట్టు మీద కుర్రాడు నాలుగింటికి ఫోన్‌ చేసి "మూడున్నర ఉందండి" అంటే చాలు, మోటార్లు ఆన్‌ అవుతాయి. చక్కటి షీటు ఆలస్యంగా పంపడం కన్నా కచ్చా లెక్క వేళకు చెప్పడం మేలు. నీటుగా రాసినది రికార్డు కోసం తరవాత పంపుకోండి.

అడిగి తెలుసుకున్నాక యజమానితో కలిసి గీతలు గీయించుకోండి. ఏ అంకె ఎంత దాటితే ఎవరికి ఫోన్‌ చెయ్యాలి, వాళ్లు ఏం చెయ్యాలి అన్నది తీరిగ్గా ఉన్న రోజునే కాగితం మీద పెట్టించండి. బాకీలు ఎంత దాటితే సరుకు ఆపాలి? గోడౌన్‌లో నిల్వ ఎంతకు తగ్గితే కొనాలి? సరిగ్గా అవసరం పడ్డ పూట ఇవి తేల్చబోతే గొంతు పెద్దగా ఉన్నవాడి మాటే చెల్లుతుంది.

కొలమానాల సంగతీ చెప్పాలి. పేపరు జిల్లా పేజీలో వచ్చే అంబాజీపేట కొబ్బరి మార్కెట్ ధరల పెట్టె చూడండి. కొత్త కొబ్బరి ధర క్వింటాలుకు ఇస్తారు. కురిడీ కొబ్బరిలో గండేరా, గటగట రకాలు వెయ్యి కాయల లెక్క. నీటికాయలో ముక్కుడు కాయకూ పచ్చికాయకూ కూడా వెయ్యికే ధర. వ్యాపారంలో పుట్టి పెరిగినవాళ్లకు ఇందులో ఇబ్బంది లేదు. డిగ్రీ అయ్యి కొత్తగా చేరిన కుర్రాడు మాత్రం క్వింటాలు ధరనూ వెయ్యి కాయల ధరనూ ఒకే గ్రాఫులో ఎక్కిస్తాడు. గీత చక్కగా పైకి వెళుతూ కనిపిస్తుంది. కాయగా అమ్మాలా, ఎండబెట్టి కొబ్బరి చెయ్యాలా అన్న నిర్ణయం ఆ గీతను చూసి తీసుకున్నారంటే నష్టం ఖాయం. వెయ్యి కాయలకు ఎంత కొబ్బరి దిగుతుందో తోటను బట్టి, కాలాన్ని బట్టి మారుతుంది. ఆ లెక్క మీ కొట్టులో పాత పుస్తకాల్లోనే ఉంటుంది, గుమస్తాగారి నోట్లోనూ ఉంటుంది. ఆయన దగ్గర రెండు రోజులు కూర్చోండి. ఏ ఆన్‌లైన్ కోర్సులోనూ అది దొరకదు.

ఇక కష్టమైన విషయానికి వస్తాను. 2014 జూన్ 27 తెల్లవారుజామున మామిడికుదురు మండలం నగరం గ్రామంలో గెయిల్‌ గ్యాసు పైపులైను పేలి, ఇరవై మందికి పైగా చనిపోయారు. తేమ లేని గ్యాసు కోసం వేసిన గొట్టంలో తేమ ఉన్న గ్యాసు పంపారని, లోపల తుప్పు పట్టిందని, అంతకుముందే లీకులు వచ్చాయని తరవాత బయటపడింది. ఇలాంటి చోట లీకైన ప్రతిసారీ ఎక్కడో ఒక రిజిస్టరులో ఒక వరుస పడుతుంది. విడిగా చూస్తే ఒక్కొక్కటీ చిన్న రిపేరే. ఒకచోట పేర్చి తేదీల వారీగా చూస్తే, గొట్టం మార్చాలా వద్దా అన్న ప్రశ్న అదే లేచి కూర్చుంటుంది. అనాలిసిస్‌ అంటే జనం ఏదో పెద్ద సాఫ్ట్‌వేర్‌ అనుకుంటారు. చాలా చోట్ల ఈ పేర్చడమే కరువు.

మీ ఆఫీసులో ఫిర్యాదులు మూసే పని మీదైతే "రిపేరు పూర్తయింది" దగ్గర ఆగకండి. పక్కన ఇంకో గడి పెట్టుకోండి: ఇదే చోట, ఇదే కారణంతో ఇది ఎన్నోసారి? మూడోసారి అనగానే పైవాళ్లకు రాతపూర్వకంగా తెలపండి. వాట్సాప్‌ వాయిస్‌ మెసేజ్‌ చాలదు. తేదీలతో నాలుగు లైన్ల మెయిల్‌ కావాలి. చెడ్డ కబురు మోసుకెళ్లినవాడి మీద విసుక్కునే బాసులు ఉంటారు, కాదనను. అందుకే మీ అభిప్రాయం పెట్టకుండా వరుసలు మాత్రమే పెట్టండి. తేదీలతో వాదించడం ఎవరికైనా కష్టం.

అంకెలకు ఇంకో జబ్బుంది. ఏ చేలో ఎవరు ఏ పంట వేశారో రాసుకునే ఈ-పంట నమోదు చూడండి. ధాన్యం కొనుగోలు, బీమా, నష్టపరిహారం అన్నీ దాని మీదే నడుస్తాయి. చేలోకి దిగి చూడకుండా నూరు శాతం పూర్తి చేసేస్తే షీటు పచ్చగా మెరుస్తుంది, కౌలు రైతు పేరు మాత్రం అందులో ఉండదు. శాతం అడిగే అధికారి ఆ శాతంలో చేలోకి వెళ్లి చూసినవి ఎన్నో కూడా అడగాలి. అడగకపోతే మీరే రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి ఇవ్వండి.

ఒక చిన్న జాగ్రత్త కూడా. 2022 మేలో అమలాపురం గొడవల తరవాత ఇంటర్నెట్‌ ఆపేసినప్పుడు, లెక్కలన్నీ క్లౌడ్‌లో పెట్టుకున్నవాళ్లు చేతులు కట్టుకుని కూర్చోవాల్సి వచ్చింది. బాకీదారుల జాబితా, ఫోన్‌ నంబర్లు, స్టాకు లెక్క వారానికొకసారి ప్రింటు తీసి బీరువాలో పెట్టుకోవడం పాతకాలపు పద్ధతేం కాదు.

ఉద్యోగం మారాలనుకునేవాళ్లకు చివరగా ఒక మాట. రెజ్యూమేలో ఎక్సెల్‌, ట్యాలీ, పవర్‌ బీఐ అని రాస్తే అందరి కాగితాల్లోనూ అదే ఉంటుంది. మీరు ఇచ్చిన ఏ లెక్క వల్ల మీ యజమాని ఏ పని మానుకున్నాడో, ఏది ముందుగా మొదలుపెట్టాడో రెండు వాక్యాల్లో రాయండి. ఇంటర్వ్యూలో ప్రశ్నలు అక్కడినుంచే మొదలవుతాయి. అప్పుడు మీ చెరువు గట్టు గురించి, మీ మిల్లు గురించి, మీకు బాగా తెలిసినదాని గురించి మాట్లాడొచ్చు.